కూత విన్న విజిల్

నేను ఒక ఇత్తడి విజిల్‌ని. బొటనవేలంత ఉంటాను. కడుపులో ఒక బెండు గోలీ, మెడకొక తాడు, ఇంతే నా ఆస్తి. అయినా నేను మోగితే పద్నాలుగు మంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. ఇంత చిన్న ప్రాణికి అంత పెత్తనం అప్పజెప్పిన మనుషులకు ముందుగా ఒక దండం పెట్టి మొదలుపెడతాను.

నేను పుట్టింది అజ్జరంలో. బిందెలకూ గంగాళాలకూ పేరుపడ్డ ఊరది. ఆచంట వైపు నుంచి ఒక డ్రిల్లు మేష్టారు సైకిలు మీద వచ్చి, కొన్న విజిళ్లన్నీ వానకు తుప్పు పడుతున్నాయి, ఇత్తడిలో ఒకటి చేసిపెట్టమని కంచరి బ్రహ్మలింగం గారి ప్రాణం తీశాడు. ఆయన మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారికి బిందె చేయగా మిగిలిన రేకు ముక్క తీసుకుని, “బిందెలు చేసే చేత్తో బూరలు చేయిస్తన్నావేంటయ్యా మేష్టారూ!” అని విసుక్కుంటూనే నన్ను చేశాడు. తిట్టుకుంటూ చేసినా వంక లేకుండా చేశాడు మహానుభావుడు. ఇన్నేళ్లలో నా గొంతు ఒక్కసారి కూడా బొంగురుపోలేదు.

ఆ డ్రిల్లు మేష్టారి పేరు కొల్లాబత్తుల యోహాను. పొద్దున్నే చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని వచ్చి నన్ను నోట్లో పెట్టుకునేవాడు. ఆ వాసన నేనెలా భరించానో నాకే తెలుసు! కానీ ఊపిరి గురించి నాకు పాఠం చెప్పింది ఆయనే.

ఆయనకు తెలిసిన ఆట ఒకటే, చెడుగుడు. ఊరివాళ్లు చెడుగుడు అనేవారు, పుస్తకంలో కబడ్డీ అని ఉండేది. ఒకడు “కబడ్డీ కబడ్డీ” అని ఆపకుండా అంటూ అవతలి జట్టులోకి వెళ్లాలి. అదే కూత. ఊపిరి మళ్లీ తీసుకోకుండా ఎవరినైనా ముట్టుకుని గీత దాటి వెనక్కి రావాలి. మధ్యలో కూత తెగితే వాడు అవుట్. చూడ్డానికి కాళ్లూ చేతులూ ఆడే ఆటే గానీ, అసలు ఆట గొంతులో ఉంటుంది. ఆ తెగడాన్ని పట్టుకోవడానికి మేష్టారికి ఒక పద్ధతుండేది. కూతకు వెళ్లినవాడితో పాటు తనూ ఊపిరి బిగపట్టేవాడు.

“నీకే ఊపిరాడనప్పుడు ఆడికెలా ఆడుద్దే? అదే లెక్క,” అని తన దగ్గర నేర్చుకునే సత్యవేణికి చెప్పేవాడు.

ఎప్పుడైనా తగాదా వస్తే ఇంకో పద్ధతి. కూతకు వెళ్లినవాణ్ణే పిలిచి, “మట్టి ముట్టుకుని చెప్పు, తెగిందా లేదా?” అనేవాడు. మట్టి మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఇంట్లో పరీక్ష మార్కుల గురించి ఎన్ని అబద్ధాలాడేవారో గానీ, కబడ్డీ కోర్టులో మాత్రం హరిశ్చంద్రులే!

మేష్టారు రిటైరైన రోజున నన్ను తన పంచె కొంగుతో తుడిచి సత్యవేణి చేతిలో పెట్టాడు. అప్పటికి ఆమె కూడా డ్రిల్లు టీచరే, కబడ్డీ అంపైరు కూడా. ఎండకూ వానకూ ఊళ్లు పట్టుకు తిరిగి, మండల పోటీలు, జిల్లా పోటీలు నడిపించింది. ఒక్క పెద్ద పోటీకి అంపైరుగా నిలబడాలని పద్నాలుగేళ్లు ఎదురుచూసింది. ఆ ఆశ తీర్చింది సోమరాజు గారు.

ఆయనకు భీమవరం చుట్టుపక్కల బోలెడు రొయ్యల చెరువులున్నాయి. చిన్నప్పుడు చెడుగుడు ఆడి మోకాలు విరగ్గొట్టుకున్నారట. డబ్బు చేతికొచ్చాక ఆ ముచ్చట మళ్లీ మొలకెత్తింది. తనలాంటి మరో ఏడుగురు ఆసాముల్ని కూడగట్టి, తలా ఒక జట్టుతో ఆడపిల్లల కబడ్డీ లీగు పెట్టారు. మట్టి పోయి రబ్బరు చాపలొచ్చాయి. రంగురంగుల దీపాలు, గుండెలదిరే పాటలు, అరుస్తూ వ్యాఖ్యానం చెప్పే కుర్రాళ్లు, ఒకటేమిటి! ఆట నిబంధనలు కూడా మార్చారు. కూత ముప్పై సెకన్లలో ముగియాలన్నారు. వరసగా రెండుసార్లు ఉత్త చేతులతో వస్తే మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే అవుటే అన్నారు.

మొదట్లో నేను సణుక్కున్నాను. నిజం ఒప్పుకోవాలిగా, తర్వాత నా నోరు మూతపడింది. రబ్బరు చాప వచ్చాక పిల్లల మోకాళ్లు చెక్కుకుపోవడం తగ్గింది. ముప్పై సెకన్ల వల్ల గీత దగ్గరే నిలబడి కాలక్షేపం చేసే సోమరితనం పోయింది. ‘ఆడపిల్లకు చెడుగుడేంటి’ అన్న తండ్రులే కూతురి ఫొటోతో వీధి మలుపులో ఫ్లెక్సీలు కట్టారు. ఇవన్నీ ఎవరి చలవ? సోమరాజు గారిదే. ఉప్పు తిన్న విశ్వాసం నాకూ ఉంది.

కానీ ఒకటి మాత్రం పోయింది. పాటల హోరులో కూత వినపడేది కాదు. వినపడనిది అనడం దేనికని పిల్లలు మానేశారు. చెరువులో చేపల్లా ఉత్తి పెదాలు ఆడించేవారు. సత్యవేణి ఒక మీటింగులో లేచి ఆ మాటే అడిగింది.

సోమరాజు గారు నవ్వారు. “ఆయ్, జనం ఆట చూడ్డానికొస్తారమ్మా. కూత వినడానికి ఎవడొస్తాడండీ? అంతగా అయితే వచ్చే ఏడాది ఆ నిబంధనే తీసిపారేద్దాం. మీకూ శ్రమ తప్పుద్ది.”

బయటికొచ్చాక లీగు సెక్రటరీ ఆమెను పక్కకు పిలిచాడు. “టీచరుగారూ, పాట జోలికెళ్లకండి. వచ్చే ఏడాది లిస్టులో మీ పేరుండాలా వద్దా?”

ఆ సాయంత్రం బస్సులో ఆమె నన్ను గుప్పిట్లో నలుపుతూనే ఉంది. పద్నాలుగేళ్లకు దొరికిన చోటు. దాన్ని కాపాడుకోవాలంటే వినపడని కూతను విన్నట్టు నటించాలి. నాకు ఆమె మీద జాలేసింది.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. సోమరాజు గారి జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. మిగిలింది ఆఖరి కూత. వెళ్లాల్సింది నూకరత్నం. అంతర్వేది సముద్రం ఒడ్డున వలలు లాగే ఇంటి పిల్ల, ఆ జట్టుకు ప్రాణం. ఆమె ఇద్దర్ని ముట్టుకొస్తే కప్పు సోమరాజు గారిది. లేకపోతే లేదు. హాలంతా లేచి నిలబడింది. పాట మిన్నంటింది.

సత్యవేణి చెయ్యెత్తింది. “పాట ఆపించండి. కూత వినపడందే పంపను.”

సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. “ఇదేం చోద్యమండీ, ఇప్పుడా?”

“ఇప్పుడే. పుస్తకంలో కూత ఇంకా ఉందండి. తీసేసిందాకా నేను వినాల్సిందే.”

పాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో నూకరత్నం గీత దాటింది. “కబడ్డీ కబడ్డీ కబడ్డీ...” అబ్బ! ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట! జనం కూడా నోళ్లు తెరుచుకుని విన్నారు. సత్యవేణి అలవాటు కొద్దీ ఊపిరి బిగపట్టింది. పిల్ల కుడికి ఉరికింది, ఎడమకు మళ్లింది. పాపం, కూత పెట్టి ఎన్ని నెలలైందో! మధ్యలో ఒక్కచోట సన్నగా తెగింది. రవ్వంత. మళ్లీ అందుకుంది. ఇద్దర్ని ముట్టుకుని గీత మీద వచ్చి పడింది.

తెగినప్పుడే నేను మోగాలి. సత్యవేణి ఊదింది కూడా. కానీ ఊదడానికి ఆమె దగ్గర ఊపిరేది? పిల్లతో పాటు మొత్తం ఖర్చుపెట్టేసింది! నాలోంచి పాము బుసలాంటి చప్పుడొకటి వచ్చింది, అంతే. నా జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. ఈలోగా పాట మళ్లీ మోగింది, జనం కేకలు, కాగితప్పూలు, సోమరాజు గారు చేతులెత్తి మెట్లు దిగుతున్నారు.

సత్యవేణి రొప్పుతూ చాప మధ్యకు వచ్చి మళ్లీ చెయ్యెత్తింది. “కూత తెగింది. అవుట్.”

“మరి విజిలెయ్యలేదుగా!” అని సెక్రటరీ విరుచుకుపడ్డాడు.

“వెయ్యలేకపోయాను. తప్పు నాదే. కూత తెగడం మాత్రం నిజం.”

రభస మొదలైంది. ఎవరేమంటున్నారో ఎవరికీ తెలియదు. అప్పుడు సత్యవేణి నూకరత్నం వైపు తిరిగింది. చుట్టూ చూసింది. ముట్టుకోమని చెప్పడానికి అక్కడ మట్టి లేదు. అయినా అడిగింది. “నువ్వే చెప్పమ్మా. తెగిందా?”

నూకరత్నం ఒకసారి సోమరాజు గారి వైపు చూసింది. తర్వాత వంగి, ఆ రబ్బరు చాప మీదే అరచెయ్యి ఆనించింది.

“తెగిందండి టీచరుగారూ. మద్దెలో ఓపాలి ఊపిరి లాగేసేనండి.”

హాలు గప్‌చుప్. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లెక్కడివని అడగకండి. సత్యవేణి గుండెనిండా గాలి పీల్చి నన్ను ఊదింది. నేను పుట్టినందుకు ఆ ఒక్క ఊదు చాలనిపించింది. సోమరాజు గారు ఎక్కడి మెట్టు మీద అక్కడే కూలబడ్డారు.

మరుసటి ఏడాది లిస్టులో సత్యవేణి పేరు లేదు. సేవలకు ధన్యవాదాలు అని ఒక కాగితం వచ్చింది. దాన్ని మడిచి బీరువాలో పెట్టి, మళ్లీ బడి పిల్లలతో డ్రిల్లు చేయిస్తూ ఉండిపోయింది. నేను రోజూ తిట్టుకున్నాను. ఆమె తిట్టలేదు. లీగు మొదలైన రోజున మాత్రం ఉండబట్టలేక టికెట్టు కొనుక్కుని, నన్ను చేతిసంచిలో వేసుకుని భీమవరం వెళ్లింది.

హాల్లో అడుగుపెట్టగానే ఏదో తేడా తెలిసింది. కూతకు వెళ్లే ప్రతి పిల్ల మెడ దగ్గరా ఒక బుల్లి మైకు. పిల్ల గీత దాటగానే పాట దానంతటదే ఆగుతోంది. “కబడ్డీ కబడ్డీ” అని హాలు నలుమూలలా వినిపిస్తోంది. జనం ఊపిరి బిగపట్టి వింటున్నారు. పోయినేడాది ‘ఎవడొస్తాడండీ’ అన్న పెద్దమనిషి ఈ ఏడాది దాన్నే పోస్టర్ల మీద వేయించారు!

సోమరాజు గారు ఆమెను గుర్తుపట్టి, కుంటుకుంటూ గ్యాలరీ మెట్లెక్కి వచ్చారు. పక్కన కూర్చున్నారు.

“ఆ రోజు మీరు పాట ఆపించాక తెలిసిందమ్మా, నేనేం పోగొట్టానో. చిన్నప్పుడు నేనూ కూతెట్టినోణ్ణేనండీ. మీ పేరుంచాలని, కూత ఉంచాలని, రెండూ అడిగానండీ. మిగతా ఓనర్లు ఒక్కటే ఇస్తామన్నారు. ఏదో ఒకటి తేల్చుకోమన్నారు.”

సత్యవేణి చెయ్యి సంచిలోకి పోయింది. నా మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. పద్నాలుగేళ్లు ఆ వేళ్లలో ఉన్నాయి. తర్వాత మెల్లగా వదులయ్యాయి.

“ఉంచాల్సిందే ఉంచారండి,” అంది. రెండు చేతులూ జోడించింది.

కింద నూకరత్నం కూతకు బయల్దేరింది. ఇద్దరూ మాటలాపి విన్నారు. నేను సంచిలోంచే విన్నాను. కూత ఈ కొస నుంచి ఆ కొసదాకా ఎక్కడా తెగలేదు.