తలెత్తుకోలేని పిన్నీసు

నేను ఒక పిన్నీసును. లండన్‌లో ఒక ప్రదర్శనశాలలో, అద్దాల పెట్టెలో, చిరిగిన నల్లకోటు కాలరు మీద కొలువున్నాను. చూసేవాళ్లు మురిసిపోతారు గాని, నాకు తలెత్తుకోవాలంటే సిగ్గు.

ఏదో ఊరి కార్ఖానాలో పుట్టి, డజను పిన్నీసుల కట్టలో వరహాలమ్మ చేతికి వచ్చాను. ఆమెది విశాఖపట్నం. ఓడలో వంటవాడైన మొగుడి వెంట లండన్ వచ్చి, హిల్డా అనే దొరసాని కొట్లో బట్టలు కుట్టేది. మన ఆడవాళ్ల సంగతి తెలిసిందే, గాజుకి నాలుగు పిన్నీసులు వేలాడితే గాని చేతికి ధైర్యం ఉండదు. నేనూ అలాగే వేలాడేదాన్ని.

హిల్డాకి లోకం మీద కోపం. మర్యాదస్తులు ముక్కు మూసుకునేలా చిరుగుల చొక్కాలు అమ్మేది. పోలీసులు రెండుసార్లు కొట్టు మూయించినా మళ్లీ తెరిచింది. ఒకరోజు ఆమె కళ్లు వరహాలమ్మ చేతి మీద పడ్డాయి.

"అవి నగలా?"

"నగలేటమ్మా, సిరిగితే పనికొస్తాయని."

అంటూనే వరహాలమ్మ మమ్మల్ని తీసి, నల్లకోటు కాలరు మీద గుత్తిగా గుచ్చి చూపించింది. హిల్డా ఆమెను వాటేసుకుంది. "ఈ కోటు ఎక్కడ పెట్టినా పక్కన కార్డు మీద నీ పేరు వేయిస్తాను, వరా" అంది. వరహాలమ్మకి ఇంగ్లీషు మాటలు వచ్చు గాని అక్షరాలు రావు. అయినా ఆ వారమంతా కొట్లోకి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాటే చెప్పింది.

ఆ కోటు వేసుకుని హిల్డా కెమెరాల ముందు నిలబడింది. ఈ ఆలోచన ఎలా వచ్చిందని విలేకరి అడిగాడు. వెనకాలే వరహాలమ్మ పంటికింద దారం పెట్టుకుని వింటోంది.

"నా కోపంలోంచి పుట్టింది" అంది హిల్డా.

ఆమె మెడకి నేను వెంట్రుకవాసి దూరంలో ఉన్నాను. కాస్త నోరు తెరిస్తే చాలు. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, వరహాలమ్మ వేళ్లను ఎన్నిసార్లు గుచ్చానో. ఆ రోజు మాత్రం బుద్ధిగా నోరు మూసుకుని మెరిశాను. ఫొటోలో బాగా పడాలన్న యావ నాది.

హిల్డా పేరు దేశాలు దాటింది. రాజభవనానికి పతకం కోసం వెళ్లినప్పుడు కూడా చిరుగు మేజోళ్లే తొడుక్కుంది. రాజరికానికే జంకని మనిషి, కుట్టుపని మనిషి పేరు చెప్పడానికి జంకింది. చూపు మందగించి వరహాలమ్మ పని మానేసింది. కార్డు సంగతి ఎన్నడూ అడగలేదు, వేయించే ఉంటుందనుకుంది.

మొన్న మనవరాలి భుజం పట్టుకుని ఈ ప్రదర్శనశాలకి వచ్చింది.

"ఇయి మనయే. కార్డు మీద నా పేరుంటాది, సదువు."

పిల్ల అద్దం వెనకున్న కార్డు చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. హిల్డా పేరు నాలుగుచోట్ల ఉంది.

"ఏటే, నేదా?"

"ఉంది అమ్మమ్మా. మొట్టమొదట నీ పేరే ఉంది."

వరహాలమ్మ వంగి, మొట్టమొదట హిల్డా పేరు ఉన్నచోట అద్దం మీద వేలితో మెల్లగా తడిమింది.

"మా తల్లే, మాట తప్పలేదు" అంది.