ఈక తక్కువ చిలక

నేను ఒక అచ్చును. అంటే, గుడ్డ మీద బొమ్మలు అద్దే టేకు చెక్కను. పెడనలో ఒక కలంకారీ షెడ్డులో ఉంటాను. నా ముఖం మీద ఒక కొమ్మ, కొమ్మ మీద చిలక, చిలకకు పొడుగాటి తోక. ఇప్పుడు నా బెంగంతా ఆ తోక గురించే.

నన్ను చెక్కినవాడు గంగాధరం. ఆయన చేతిలో ఉలి ఉంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పేవాడు కాదు. కన్ను కుదిరింది, ముక్కు కుదిరింది, తోకకు ఆరు ఈకలూ తీర్చాడు. ఆఖరి ఈక అంచు సవరిస్తుండగా వెనక నుంచి ఎవరో హాచ్చిమని తుమ్మారు. ఉలి జారింది, ఈక ఊడింది. తుమ్మితే ఊడే ముక్కు అంటారు గదా, నాకు ముక్కు నిలిచి ఈక పోయింది.

తుమ్మినవాడు నాంచారయ్య. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన అద్దకం పనివాడు.

"నీ తుమ్ము తగలెయ్య! మళ్లీ మొదట్నించి చెక్కాలి గదయ్యా అల్లుడూ," అన్నాడు గంగాధరం.

"ఎందుకు మావా? ఎగిరే చిలక్కి ఓ ఈక రాలదా ఏంటి? ఇట్టాగే ఇచ్చెయ్, నేను అద్దుకుంటా."

అలా లోపంతోనే నూనెలో నాని, బతుకు మొదలుపెట్టాను. రంగులో ముఖం తడుపుకోవడం, గుడ్డ మీద ఆనడం, నెత్తిన నాంచారయ్య పిడికిలి గుద్దు తినడం. ఇదే నా ఉద్యోగం. పొద్దున్నే గుద్దితే చిలక నిబ్బరంగా పడేది. అన్నం తిన్నాక గుద్దితే కాస్త మందంగా పడేది. ఇంట్లో పెళ్లాంతో మాటామాటా వచ్చిన రోజున కొమ్మ మరీ నల్లగా వచ్చేది. మనుషులు కవల పిల్లల్ని చూసి 'అచ్చు గుద్దినట్టున్నారు' అంటారు. ఆ గుద్దులు తినేదాన్ని నన్నడిగితే చెబుదును, నా చిలకలు ఏ రెండూ ఒక్కలా లేవని. నన్నెవరడుగుతారు!

గంగాధరం పోయాడు. ఆయన తర్వాత అంత సన్నటి పని ఎత్తుకున్నవాళ్లు మా ఊళ్లో లేరు. అప్పటినుంచి నాకు చిన్న దెబ్బ తగిలినా భయమే.

ఒక రోజు విజయవాడలో బట్టల కొట్టు నడిపే కామాక్షి గారు మా షెడ్డుకు వచ్చారు. మా చీర ఒకటి, మిల్లు చీర ఒకటి బల్ల మీద పరిచారు. మిల్లు చీర నిండా నా చిలకే! అదే కొమ్మ, అదే ముక్కు, తోకలో అదే ఖాళీ. మా చీరను ఎవరో ఫొటో తీసుకెళ్లి మరమీద దింపేశారు. ఆ మరకు తుమ్ము వినపడలేదు గానీ, ఊడిన ఈకను మాత్రం భక్తిగా వదిలేసింది. అక్కడ చిలకలన్నీ నిజంగానే అచ్చు గుద్దినట్టున్నాయి.

"మిల్లు గుడ్డ తెచ్చి చేతి పనని అంటగడుతున్నానంటండీ. కొన్నవాళ్లు ఆ ఖాళీ చూపించి మరీ తిడుతున్నారు. నాకీ చిలక వద్దండీ, వీరాంజనేయులు గారూ," అన్నారామె. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీరాంజనేయులు గారు మా షెడ్డు యజమాని. చెడ్డమనిషి కాదు. తల పట్టుకు కూర్చుని, "ఈ చిలక పేరు పోయింది, నాంచారయ్యా. బాన కింద పెట్టెయ్," అన్నారు.

బాన అంటే అద్దిన గుడ్డలు ఉడికించే రాగి పాత్ర. దాని కింద పొయ్యి. పనికిరాని అచ్చులన్నీ అందులోకే పోతాయి. నూనె తాగిన టేకు భలే మండుతుందని మా వాళ్లంతా మెచ్చుకుంటారు. నన్ను సరుగుడు కట్టెల మీద పడేశారు. నా కింది కట్టెలు ఒక్కొక్కటే పొయ్యిలోకి వెళుతుంటే నేను మెల్లగా కిందికి దిగుతున్నాను. నాకు ఏడుపొచ్చింది.

చివరికి నాంచారయ్య చెయ్యి నా మీద పడింది. కానీ ఆయన పొయ్యి వైపు తిరగలేదు. తువ్వాలుతో నా ముఖం తుడిచాడు. మొలలోంచి చాకు తీశాడు.

"ఈసారి తుమ్మకుండానే పీకుతున్నా మావా. ఏమనుకోమాక," అన్నాడు, ఎక్కడున్నాడో తెలియని గంగాధరంతో.

ఇంకో ఈక తెగింది. వెంటనే గుడ్డ మీద గుద్ది యజమానికి చూపించాడు. "ఇది మిల్లు చిలక కాదండీ. తోక చూడండి."

వీరాంజనేయులు గారు రెండు గుడ్డలూ పక్కపక్కన పెట్టి చూసి నవ్వేశారు. కామాక్షి గారు మళ్లీ చీరలు పట్టుకెళ్లారు. ఇప్పుడు కొనేవాళ్లు రంగు చూడరు, పనితనం చూడరు. కొంగు ఎత్తి తోకలో ఈకలు లెక్కపెడతారు. రెండు ఈకలు లేనిదే అసలు సరుకట!

బతికాను. అదే చాలనుకున్నాను.

నిన్న ఒక పెద్దమనిషి షెడ్డుకు వచ్చాడు. నన్ను అరచేతిలోకి తీసుకుని, "అబ్బ, ఎంత పనండీ!" అని మురిసిపోయాడు. మురిసిపోతూనే ఫోను తీసి నా ముఖానికి దగ్గరగా పెట్టాడు. నాంచారయ్య చూస్తూ నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి వెళ్లిపోయాక గడప దగ్గర కూర్చుని చాకు నూరుకున్నాడు.

నా తోకలో ఇంకా నాలుగు ఈకలున్నాయి.