బల్లికి నలుగు

కోడలు గాజుపెట్టెలో పెంచుకుంటున్న మచ్చల బల్లికి కుబుసం ఊడిరాకపోవడంతో మాణిక్యాంబ ఇల్లు బిగుసుకుపోతోంది. పొద్దున హాల్లో తిన్నగా నడిచిన మనిషి మధ్యాహ్నానికి పక్కకి తిరిగి నడుస్తోంది. వంటింటి గుమ్మంలో బిందె పట్టడం లేదు. కాకినాడలో పాత ఇళ్లకి ఇది మామూలే అనుకుని ఆవిడ బిందెని గుమ్మంలోనే వదిలేస్తుంది.

బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తూ హిమజ చెప్పనే చెప్పింది. "అత్తయ్యా, దాని వేళ్ల చివర పాత తోలు పట్టేసింది. అలాగే ఉంటే రక్తం ఆడక వేళ్లు ఊడిపోతాయి. పెట్టెలో తడిగుడ్డ వేశాను, నానుతుంది. మీరు మాత్రం లాగకండి."

లాగకండిట. ఎవరికి చెబుతోంది? ఈ వీధిలో పుట్టిన ప్రతి పసిగుడ్డుకీ నీళ్లు పోసిన చేయి ఇది. మాణిక్యాంబ తగుదునమ్మా అని పీట వేసుకుని, కాళ్లు చాపి, బల్లిని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెడుతుంది. ఆముదం రాస్తుంది. సున్నిపిండితో నలుగు పెడుతుంది. బల్లి బుద్ధిగా కళ్లు మూసుకుంటుంది. గోడలు కాస్త వదులవుతాయి. ఆ ఉత్సాహంలో, చిటికెన వేలి దగ్గర తోలు ఇంకా ఎండిపోయే ఉన్నా, ఆవిడ పట్టుకుని లాగుతుంది.

తోలుతోపాటు వేలూ వచ్చేస్తుంది. అప్పుడే వరండా చివరున్న హిమజ గది ఇంటి నుంచి ఊడిపోతుంది. చప్పుడేమీ కాదు. తలుపు ఉండాల్సిన చోట నున్నటి గోడ ఉంది. దాని మీద సున్నం కూడా ఆరిపోయింది.

"నొప్పిగా ఉందా?" అని బల్లిని అడుగుతుంది మాణిక్యాంబ.

"మీ కోడల్ని అడగండి," అంటుంది బల్లి. "పోయిన గది ఆవిడది."

మాణిక్యాంబకి తల కొట్టేసినట్టవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తెచ్చి కప్పుతుంది తడిగుడ్డ. మిగతా వేళ్ల తోలు మెత్తబడి సులువుగా జారిపోతుంది. ఇల్లు మళ్లీ ఇల్లవుతుంది, ఒక గది తక్కువగా. మాణిక్యాంబ ఆ చిన్న వేలిని గుప్పిట్లో మూసుకుని వరండాలో కూర్చుంటుంది.

సాయంత్రం హిమజ వచ్చి గోడ ముందు నిలబడుతుంది. "నా గదేదీ అత్తయ్యా?"

"ఏ గదమ్మా? కాపురానికొచ్చిన దగ్గర్నించీ నువ్వు హాల్లోనే కదా పడుకుంటున్నావు."

ఇంత మాట తన నోటి నుంచే వచ్చిందంటే మాణిక్యాంబకే నమ్మబుద్ధి కాదు.

హిమజ వాదించదు. "అయితే నేను పుట్టింటి నుంచి బట్టల పెట్టె కూడా తెచ్చుకోలేదన్నమాట," అని గోడకి ఆనుకుని కింద కూర్చుంటుంది.

సిగ్గుతో మాణిక్యాంబ చెవులు వేడెక్కుతాయి. గుప్పిట బరువెక్కుతుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఇక దాచలేక తెరుస్తుంది. అరచేతిలో వేలు లేదు. హిమజ గది ఉంది, దండెం మీద చీరలతో, వెలుగుతున్న లైటుతో.

"ఇదే," అని హిమజ అందులోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది.

గది అరచేతిలో ఉంది కాబట్టి ఇక మాణిక్యాంబ ఆ చెయ్యి కదపడానికి లేదు. తలుపు తడదామంటే, ఆ తలుపుకి సరిపడా చిన్న వేలు ఆవిడ దగ్గర లేదు. వంగి, తలుపుకి పెదవులు ఆనించి చెబుతుంది. "నేనే లాగేశానమ్మా. నాకన్నీ తెలుసనుకున్నాను. నువ్వడిగితే అబద్ధమాడాను."

ఆ మాటతో ఆవిడ చేతి వేళ్లు నొప్పి లేకుండా ఒక్కొక్కటే ఊడి, గడప ముందు విడిచిన చెప్పుల్లా వరసగా పడతాయి. ఆ అరచేతిని మూయడానికి ఇంకేమీ మిగల్లేదు. గడియ తీసిన చప్పుడవుతుంది. హిమజ బయటికి వచ్చి, మబ్బు పట్టిన ఆకాశం వంక చూసి, వాన వచ్చేలా ఉందని ఆ వేళ్లని ఒక్కొక్కటీ రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి, తన మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంది.