తడి ఆరకుండా చూడు

ముసురు పట్టిందంటే ఆ ఇంట్లో ఏదీ ఆరి చావదు. తువ్వాళ్ళు ముక్కిపోతాయి, ఉప్పు గడ్డ కడుతుంది, బిస్కెట్టు విరవబోతే వంగుతుంది. బాత్రూం తలుపు ఉబ్బిపోయి, లోపలికెళ్ళినవాళ్ళు బయటివాళ్ళ సాయం లేకుండా రాలేరు. అలాంటి ఇంట్లో ఎండిపోయింది ఒక్కటే, తడిగా ఉంచమని అప్పగించిన వస్తువు.

అది నాన్న పైపు పొగాకు. ఏళ్ళ తరబడి గాజు సీసాలో మాగబెట్టుకున్నది. అప్పగించింది బుజ్జికి. బుజ్జికి బట్టతల వచ్చింది, బీపీ వచ్చింది, ఆ పేరు మాత్రం పోలేదు. కారు తాళాల దగ్గర్నుంచి అన్నీ అల్లుడి చేతికిచ్చే నాన్న, ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రికి వెళ్తూ ఆ సీసా మాత్రం కొడుక్కిచ్చాడు.

"ఒరేయ్, ఈ మట్టి బిళ్ళ నీళ్ళలో నానబెట్టి, తుడిచి, లోపల పడెయ్, తడి సంగతి అదే చూసుకుంటుంది. మూత బిగించు. ఇంక దాని జోలికి పోకు. నేనొచ్చి చిటికెడు నొక్కితే మెత్తగా అణిగి, మెల్లగా విచ్చుకోవాలి."

పుట్టి బుద్ధెరిగాక తండ్రి తనని నమ్మి చెప్పిన మొదటి పని. అందుకే బుజ్జి దాని జోలికి పోకుండా ఉండలేకపోయాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ కింద, ఎంతో గౌరవంగా పెట్టాడు. వచ్చినప్పుడల్లా, వెళ్ళినప్పుడల్లా మూత తీసి చూశాడు. ఏసీ గాలికి పొగాకు కాస్తా పొడి పొడి అయింది. కంగారుపడి, ఇస్త్రీ బట్టల మీద చల్లినట్టు నీళ్ళు చల్లాడు.

"ఏవండీ, మావయ్యగారి సీసాకి గడ్డం మొలిచింది," అంది భార్య.

తెల్లటి బూజు.

ఆస్పత్రిలో నాన్న రోజూ ఒకటే అడిగేవాడు. "విచ్చుకుంటోందిరా?"

"విచ్చుకుంటోంది నాన్నా."

"పర్లేదే, పనికొస్తావ్."

ఇవాళ డాక్టరు వరండాలోకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు.

"పథ్యం ఏమన్నా ఉందాండీ?"

"అక్కర్లేదండీ. ఏమడిగితే అది పెట్టండి."

ఏం తింటావని అడుగుదామని బుజ్జి వెళ్ళాడు. లోపల నాన్న అడిగింది సీసానే. "కాల్చన్లేరా, ఊపిరెక్కడుంది! పక్కన పెట్టు, ఓసారి వేళ్ళతో నొక్కుకుంటా."

మంచం సర్దడానికి బుజ్జి ముందుగా ఇంటికొచ్చాడు.

"కొత్తది కొని పోసెయ్యండి," అంది భార్య.

"ఆ వేళ్ళు పట్టేస్తాయే."

"అయితే నిజం చెప్పెయ్యండి."

"చెప్తే 'నాకు ముందే తెలుసురా' అంటాడు."

ఆవిడ మంచం మీద దుప్పటి మార్చడానికి వెళ్ళింది.

ఇప్పుడు బుజ్జి సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బూజు లేనిచోట వెతికి చిటికెడు తీసి నొక్కాడు. ముద్దయింది. అలాగే ఉండిపోయింది.

అయ్యా, అమ్మా, మీలో పైపు అలవాటున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే, దీన్ని బాగుచేసే దారి చెప్పండి. దారి లేకపోతే, కొత్తది పొయ్యాలో నిజం చెప్పాలో అదన్నా చెప్పండి. అంబులెన్సు బయల్దేరిందట. బాబ్బాబు, కాస్త త్వరగా.