కొవ్వు రాసిన కమ్మీలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది జెలీ, వాళ్ళ నాన్న ఆన్సెల్మ్, మేనత్త ఉర్సూల్, పొయ్యి దగ్గర కుర్చీ వదలని తాత. తాత ఒళ్ళో పిల్లి.

తడి సిమెంటు వాసన ఎక్కడ తగిలినా జెలీకి ఇప్పటికీ ఫ్రాన్సులో సెన్ నది ఒడ్డున ఉన్న ఆ ఇల్లే గుర్తొస్తుంది. నాన్న తోటమాలి. నారింజ చెట్లు పెట్టే చెక్క తొట్లు కుళ్ళిపోతుంటే విసుగెత్తి, ఇనుప తీగ అల్లి దాని మీద సిమెంటు మెత్తి తొట్లు చేశాడు. అవి పగల్లేదు. ఆ ధైర్యంతో పనిగదిలో అటక కూడా అలాగే పోశాడు. లోపలి ఇనుప కమ్మీలను తీగతో ముడివేసింది జెలీయే. వేళ్ళు చీరుకుపోయినా ఆపలేదు. అటక మీద మొదటి అడుగు నీదేనని నాన్న మాటిచ్చాడు మరి.

ఆ మధ్యాహ్నమే అటక కింద ఊతకర్రలు తీసెయ్యాలి. జెలీ తన కొత్త చెక్క జోళ్ళు పొద్దున్నే నిచ్చెన దగ్గర పెట్టుకుంది.

"రాయి గాల్లో నిలబడుతుందట," అన్నాడు తాత, సూపులో రొట్టె ముంచుకుంటూ. "దాని కింద నా కుర్చీ మాత్రం వెయ్యకండి."

"నీ కుర్చీ ఆ పొయ్యి వదిలి ఎప్పుడు కదిలింది గనక నాన్నా," అంది అత్త. "అటకకేం ఢోకా లేదు. జెలీ కట్టాక, సిమెంటు పోసేముందు చూస్తే కమ్మీలన్నీ తుప్పు, చూళ్ళేకపోయాను. శుభ్రంగా తుడిచి పంది కొవ్వు పట్టించాను."

నాన్న చెంచా ఆగిపోయింది. "కమ్మీలకా?"

"నువ్వు సిమెంటు పోసే అచ్చు పలకలకి రాయలేదూ?"

"పలకలకి రాసేది సిమెంటు అంటుకోకూడదని, అక్కా. కమ్మీని అది పట్టుకోవాలి, లేకపోతే అటక నిలవదు."

అత్త మొహం పాలిపోయింది. "ఆ మాట నాకు ముందే చెప్పాలి కదరా," అంది మెల్లగా.

"చెప్పాల్సింది."

నాన్న ఊతకర్రలు కొట్టెయ్యడానికి సుత్తి తీసుకుని పనిగదికి నడిచాడు. జెలీ వెనకాలే పరిగెత్తింది.

"నేను తేలిగ్గానే ఉంటాను నాన్నా. నెమ్మదిగా ఎక్కుతాను. మాటిచ్చావు."

ఆయన లోపలికి వెళ్ళి, నిచ్చెన దగ్గరున్న జోళ్ళు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నిలబడితే పిలుస్తాను."

"నిలబడకపోతే? కింద నువ్వుంటావు కదా?"

ఆయన ఒకసారి తలెత్తి అటకను చూశాడు.

"నువ్వు వేసిన ముళ్ళు గట్టివే, తల్లీ," అని తలుపు వేసేశాడు.