పెదవుల మీది నిప్పు

తంగమ్మ పొయ్యిలోంచి పట్టకారుతో ఒక్కొక్క నిప్పూ తీసి ఇస్త్రీ పెట్టెలో వేస్తోంది. వెనక నుంచి మొగుడు దొరై గొంతు వినిపించింది.

"వెలుగుండగానే మొదలుపెట్టు మే. రెండు మార్లు వింటే గానీ నాకు పట్టుబడదు."

ఒక పక్క రేపటికి అతని తెల్ల జుబ్బా, ఇంకో పక్క తెరిచిన వేదపుస్తకం. తమిళనాట గుడియాత్తంలోని చిన్న తెలుగు చర్చికి దొరై ఉపదేశి. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, చదివిందంతా తమిళమే. తెలుగు అక్షరం రాదు. ఆదివారాలు పాఠం చదివే తెలుగు బడి వాద్యారు, ఆంధ్ర రాష్ట్రం వేరయ్యాక చిత్తూరుకు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం, పొన్నై తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివిన తంగమ్మ బట్టలకు ఇస్త్రీ చేస్తూ పాఠం చదువుతుంది, అతను బట్టీ పడతాడు. ఆదివారం పుస్తకం పట్టుకుని చదువుతున్నట్టే ఒప్పజెప్తాడు. "ఏం చదువప్పా మన ఉపదేశిది!" అని పెద్దలు మెచ్చుకుంటుంటే, తంగమ్మ ఆడవాళ్ళ చాప మీద తల వంచుకుని కూర్చుంటుంది.

"యాడన్నా నోరు జారితివా, వాని పనీ పోతాది, మన మానమూ పోతాది," అని అత్త కన్నియమ్మ మొదట్లోనే చెప్పింది. "ఆడదాని గొంతు గుళ్ళో లేస్తే దేవుడు చూస్తా ఊరుకోడు."

ఈసారి యెషయా ప్రవక్త దేవుణ్ణి చూసిన పాఠం వచ్చింది. ఎత్తైన సింహాసనం, కేకలకు అదిరే గడపలు, గుడి నిండా పొగ. రెక్కలున్న దూతలే చూడలేక మొహాలు కప్పుకున్నారట. నా పెదవులు మైలవి, నేనింక బతకనని ప్రవక్త వణికిపోయాడట. అప్పుడొక దూత బలిపీఠం మీది నిప్పును పట్టకారుతో తీసి... కింది వరుసలో ఆ నిప్పు ప్రవక్త పెదవులకు తాకి మైల పోతుంది; అక్కడికి రాకుండానే తంగమ్మ గొంతు ఆగింది. జుబ్బా మీద పెట్టె కూడా ఆగింది. దూతకే పట్టకారు కావలసిన నిప్పు! అంతటి మనిషే వణికితే, వారం వారం దేవుడి ముందర అబద్ధానికి అరువు పోయే ఈ నోటి గతి ఏమిటి?

"ఏమ్మే, జుబ్బా కాల్చేస్తావా?"

ఆమె ఉలిక్కిపడి పెట్టె ఎత్తింది. "మనం చేసేది దేవునికి తెలీదా?"

దొరై నవ్వాడు. "ఇస్త్రీ చేసేదాని లెక్క దేవునికెందుకే? ఇంక చాల్లే, మిగతాది నాకు తెలుసు."

మరునాడు చర్చిలో దొరై గొంతు ఖంగున మోగింది. సింహాసనం, పొగ, వణుకు. సరిగ్గా దూత నిప్పు దగ్గరికి రాగానే ఆగిపోయింది. నిన్న ఆమె ఆగిన చోటే.

"చదువప్పా, అచ్చు కనబడలేదా?" అన్నాడు సంఘ పెద్ద ఆదిమూలం.

దొరై పుస్తకంలోకి గోడను చూసినట్టు చూశాడు. జుబ్బా వీపున చెమటకు అంటుకుపోయింది. "కండ్లు మసకగా ఉండాయి," అన్నాడు. అతని చూపు ఆడవాళ్ళ చాప వైపు వచ్చి, లేవద్దన్నట్టు ఉరిమింది. కన్నియమ్మ కోడలి కొంగు పట్టుకుంది.

మొగుడి భయం, అత్త భయం ఇన్నేళ్ళూ తంగమ్మ ఎంత పెద్దవనుకుంది! ఆ పొగ నిండిన గుడి ముందర అవి ఇంత చిన్నవా? కొంగు విడిపించుకుని లేచింది. పెదవులు కాలినట్టు మండుతున్నాయి.

"అయ్యా, ఆయనకి తెలుగు అక్షరాలు రావు. శనివారం శనివారం చదివేది నేను."

దొరై చేతిలోంచి పుస్తకం తీసుకుంది. వణుకుతూనే, అతను ఆగిన చోటి నుంచి కాదు, మొదటి నుంచి చదవసాగింది.