ఎవరికీ కుదరకపోతే

"సుప్రియా, చట్నీల ఉప్పు తక్కువైంది" అన్నాడు మా ఆయన విజయ్‌కుమార్, సరిగ్గా నేను నోరు తెరిచిన క్షణంలో. తెరిచిన నోరు మూసుకుని ఉప్పు డబ్బా తెచ్చి పెట్టాను. తర్వాత పెనం మీద ఇంకో దోసె వేశాను. చెప్పాల్సిన మాట అలాగే లోపల ఉండిపోయింది.

సంగతేమిటంటే, నాకు యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ సీటొచ్చింది. ఏడాది పాటు ప్రతి శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులు, హాజరు తప్పనిసరి. ఈరోజు సాయంత్రం నాలుగులోపల వెబ్‌సైట్‌లో చేరుతున్నానని నొక్కకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. మెయిల్ వచ్చి ఆరు రోజులైంది. ఇంట్లో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు. ఆరు రోజులుగా ఎత్తులు ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఈ రోగం నాకు ఉద్యోగంలో అంటుకుందని చాలాకాలం అనుకున్నాను. ఎల్‌బీ నగర్ దాటాక హైవే మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకు కృత్రిమ మేధ చెబుతాను. చదరంగం ఆడే ప్రోగ్రామ్ ఎలా ఆలోచిస్తుందో బోర్డు మీద చెట్టు గీసి చూపిస్తాను. నేను ఈ ఎత్తు వేస్తే అవతలివాడు ఏం వేస్తాడు, దానికి నేనేం వేయాలి, మళ్లీ వాడేం వేస్తాడు. అవతలివాడు ఎప్పుడూ నాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదే వేస్తాడనుకోవాలి. ఒక కొమ్మ పనికిరాదని కాస్త చూడగానే తెలిస్తే, మిగతాది చూడకుండానే నరికేయాలి. పిల్లలు అర్థమైనట్టు తలలు ఊపుతారు. నిజానికి ఇది నాకు పుస్తకం నేర్పలేదు. పెళ్లయిన మొదటి నెలలోనే వచ్చేసింది.

విజయ్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు ఉంది. టిఫిన్ దగ్గర చెబితే "షాపుకు పోయేటప్పుడు ఏంది గీ లొల్లి" అంటాడు. నరికేశాను. రాత్రి తిన్నాక చెబితే "పీహెచ్‌డీ చేసి ఏం జేస్తవ్? గిప్పుడేం తక్కువైంది నీకు?" అంటాడు. నేను ప్రమోషన్ అంటాను. "ఉన్న పనికే పరేషాన్ అయితున్నవ్ గదా" అంటాడు. అదీ నరికేశాను. అత్తమ్మ ముందు చెబితే ఆమె ఒక్క మాట అనదు, ఆ పూట మాత్రం మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతాయి. అది మొదట్లోనే నరికేశాను. ఆరు రోజుల్లో చెట్టు మొత్తం మోడయిపోయింది. తమాషా ఏమిటంటే, ఇందులో ఒక్క మాట కూడా ఎవరూ అనలేదు. అన్నీ వాళ్ల తరఫున నేనే అనుకున్నాను. అయితే విజయ్ నా ప్రత్యర్థా? నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసే మనిషి ప్రత్యర్థి ఎలా అవుతాడు? కాకపోతే పన్నెండేళ్లుగా నేను ఆడుతున్నదేమిటి? తప్పు వాళ్లదా నాదా ఎంత ఆలోచించినా తేలలేదు. ఈలోగా దోసె మాడింది. మాడింది కాబట్టి అది నేనే తిన్నాను.

కాలేజీలో అడుగుపెట్టగానే మా హెచ్‌ఓడీ భానుమూర్తి గారు పిలిచారు. "మేడమ్, కొత్త సెమిస్టర్ టైంటేబుల్ మధ్యాహ్నానికల్లా ఇచ్చేయండి. మీరైతే ఓపిగ్గా చేస్తారండి. మీ ప్రోగ్రామ్ ఎప్పుడూ ఫెయిలవదు కదా!"

ఓపిక అనే ఈ డిగ్రీ నాకు ఎవరిచ్చారో గానీ, మూడేళ్లుగా టైంటేబుల్ పని నాదే. దీనికోసం నాకు ఒక్క క్లాసూ తగ్గించలేదు. మొదటి ఏడాది నేను రాసిన ప్రోగ్రామ్‌కి షరతులన్నీ ఇస్తే అది ఒక్కో గడి నింపుకుంటూ పోతుంది, ఎక్కడైనా కుదరకపోతే వెనక్కొచ్చి మార్చి చూస్తుంది. ఒకే మనిషికి ఒకే గంటలో రెండు క్లాసులు పడకూడదు, ల్యాబ్‌కి వరసగా మూడు గంటలు కావాలి. ఇవి న్యాయమైన షరతులే. ఆపైన భానుమూర్తి గారికి మొదటి గంట వద్దు, వాకింగూ పూజా అయ్యేసరికి ఆలస్యమవుతుంది. తోటి లెక్చరర్ నాగార్జున గారికి శనివారం వద్దు, బయట కోచింగ్ చెప్పుకుంటారు. ఇలా అందరివీ రెండేసి, మూడేసి ఉన్నాయి.

బటన్ నొక్కాను. రెండు సెకన్లలో టైంటేబుల్ వచ్చేసింది. శనివారం మొదటి గంట నాకే, చివరి గంటా నాకే, మధ్యలో ల్యాబూ నాకే. పాత టైంటేబుళ్లు తీసి చూశాను. ప్రతి సెమిస్టర్‌లోనూ శనివారం ఇలాగే ఉంది. ఇన్నాళ్లూ నా రాత అనుకుని ఊరుకున్నాను. రాతేమిటో చూద్దామని మూడేళ్ల తర్వాత మొదటిసారి ప్రోగ్రామ్ తెరిచి మొదటి నుంచీ చదివాను. చివర్లో ఒక షరతు ఉంది. "ఎవరికీ కుదరకపోతే సుప్రియకు వేయాలి. ఆమె వీలు చూడక్కర్లేదు."

అది నేనే రాశాను. తారీఖు కూడా వేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి నడిపినప్పుడు పరిష్కారం లేదని వచ్చింది. అది చూపిస్తే ఈమెకు చేతకాదంటారని భయపడి, ఆ సాయంత్రమే ఈ వాక్యం చేర్చాను. ఆ తర్వాత ప్రోగ్రామ్ ఎప్పుడూ ఫెయిలవలేదు. అదంతా నా తెలివి అనుకున్నాను.

పోచంపల్లిలో మా అమ్మ చీరకు ఆసు పోసేది. మేకుల చుట్టూ దారం తిప్పుతూ రోజుకు కొన్ని వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేది. నలభై ఏళ్లకే భుజం పోయింది. చీర మాత్రం నాన్న నేసిందని చెప్పుకునేవాళ్లు అందరూ, అమ్మతో సహా. అప్పట్లో అమ్మ మీద కోపమొచ్చేది, నువ్వైనా చెప్పుకోవచ్చు కదా అని. ఇప్పుడు ఆ కోపం నా మీదికి మళ్లింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వాక్యం తీసేశాను. సుప్రియకు శనివారం వద్దు అని కొత్త షరతు చేర్చి మళ్లీ నొక్కాను. ఈసారి రెండు సెకన్లలో రాలేదు. చాలాసేపు వెనక్కీ ముందుకీ తిరిగి చివరికి తెర మీద రెండు మాటలు చూపించింది. పరిష్కారం లేదు. బడిలో స్లేటు పగలగొట్టినప్పటి భయమే మళ్లీ వచ్చింది. తీసేసిన వాక్యాన్ని మళ్లీ పెట్టేద్దామని వేలు కీబోర్డు మీదికి వెళ్లింది కూడా. పెట్టలేదు. ప్రింటు తీసుకుని భానుమూర్తి గారి గదికి వెళ్లాను.

"ఇదేంటండి, ఎప్పుడూ వచ్చేది కదా?" అన్నారు.

"ఎప్పుడూ కుదరనివన్నీ నాకు పడేవి సార్. ఇక నాకు శనివారాలు కుదరవు."

"అలాగంటే ఎలాగండి? ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా."

"అవును సార్. ఎవరో మీరే చెప్పండి, మార్చి ఇస్తాను."

ఆయన కాగితం వైపు చూసి, నా వైపు చూసి, గొంతు తగ్గించారు. "ఇంట్లో ఏమైనా సమస్యాండి?"

"లేదు సార్. పీహెచ్‌డీలో చేరుతున్నాను."

ఆ మాట మొదటిసారి బయటికి చెప్పింది ఈయనకా అని నాకే ఆశ్చర్యమేసింది. బయటికొచ్చి టైము చూస్తే మూడూ ముప్పై ఐదు. విజయ్‌కి ఫోన్ చేశాను.

"జల్ది చెప్పు, గిరాకీ ఉన్నది" అన్నాడు. చెప్పాను. సీటు, ఏడాది, శనివారాలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల చీరల మడతలు విప్పుతున్న చప్పుడు. తర్వాత అన్నాడు, "నేనెప్పుడన్న వద్దన్ననా? నీ ఇష్టం."

అనలేదు, నిజమే. ఐదేళ్ల కిందట వరంగల్‌లో రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్తానన్నప్పుడు కూడా నీ ఇష్టమే అన్నాడు. వెళ్లొచ్చాక నాలుగు రోజులు మాట్లాడలేదు. పెట్టిన అన్నం తిన్నాడు, కంచం కడుక్కున్నాడు, కసరలేదు, అరవలేదు. ఆ తర్వాత నేను ఏదీ అడగలేదు. ఆయనకు వద్దు అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నా బుర్రలో ఆ పని నేనే చేసిపెట్టాను.

"సరే, అయితే చేరుతున్న" అన్నాను. "మల్ల మాట్లాడ్త" అని పెట్టేశాడు.

నాలుగు రోజులు మాట్లాడకుండా ఉంటాడా, నెల రోజులా? తెలియదు. నాలుగింటికి పది నిమిషాలుండగా నొక్కేశాను. భయంగానే ఉంది. సంతోషంగా కూడా ఉందేమో, ఆ గందరగోళంలో సరిగ్గా తెలియలేదు.

నాలుగున్నరకు అత్తమ్మ ఫోను. కొడుకు అప్పుడే చెప్పినట్టున్నాడు.

"ఏందే సుప్రియా, శనివారం శనివారం పొద్దంత ఉండవంట. మరి వంట ఎవరు జేస్తరు?"

నాలుక చివరికి జవాబులు వాటంతటవే వచ్చేశాయి. నాలుగింటికే లేచి వండిపెట్టి పోతా. ముందురోజే కూరలు తరిగి పెడతా. కర్రీ పాయింట్ నుంచి తెప్పిస్తా. దేనికి ఆమె ఏమంటుందో, దానికి నేనేమనాలో కూడా తెలుసు. అన్నీ మింగేశాను.

"నాకు తెల్వదు అత్తమ్మా" అన్నాను.